జంట గీత

ఇస్కపల్లి ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో
పీసీఆర్ మిషను ముందు కూర్చునేది నేనే.
నలభైసార్లు వేడెక్కి చల్లారినాక
తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో
నేను చెప్పే ఒక్క మాట మీద
లారీలు కదుల్తాయి,
లేదంటే తొట్లు బ్లీచింగు తాగుతాయి.
పన్నెండేళ్లలో ఎప్పుడూ చెయ్యి వణకలా.

మా మోక్షిత రిపోర్టు మాత్రం
మూడు రోజులు ఫోన్లో తెరవకుండా పెట్టుకున్నా.

మూడో నెల్లోనే మొదలైంది, గుడ్డలో ఎర్ర చార.
పాలు పడలేదన్నారు. డబ్బా మార్చమన్నారు.
అల్లూరులో ఒకాయన మూలశంక అన్నాడు,
నాలుగు నెలల బిడ్డకి!
మా అమ్మ పక్షిదోషమని తాయెత్తు కట్టించింది.
సుజన ఎవుర్నీ ఏమీ అనలా.
రోజుకి పదహారు గుడ్డలు ఉతికి
బళ్లో హాజరు పిలిచినట్టు
ఒక్కోటీ లెక్కబెట్టి ఆరేసేది.

చెన్నైలో డాక్టరమ్మ కాగితం మీద
ఒక చదరం గీసింది, ఒక గుండ్రం గీసింది,
రెండిటినీ కలుపుతా ఒక గీత.
ఆగి, "మీరిద్దరూ చుట్టాలా?" అనడిగింది.
"మా మేనమామ కూతురే" అన్నా,
కొంచెం గొప్పగానే.
ఆ గీత కిందనే ఇంకో గీత గీసింది.

మా శుభలేఖ నిండా పేర్లే ఆ రోజు.
ఈ కాగితంలో రెండు గీతలు.

"ఒంట్లో కాపలావాళ్లు ఉంటారు.
పోట్లాట అయిపోయాక 'ఇంక చాలు' అని
వాళ్లకి ఒక కబురు వస్తుంది.
పాపకి కబురు వస్తోంది, వినే చెవే లేదు.
అందుకే వాళ్లు సొంత పేగునే కొడుతున్నారు.
ఆ చెవిని రాసే చోట ఒక అక్షరం మారింది.
మీ ఇద్దరి దగ్గరా ఒక తప్పు ప్రతి, ఒక మంచి ప్రతి.
ఇద్దరి దగ్గర్నుంచీ తప్పుదే వచ్చింది పాపకి."

నలుగురిలో ఒకరికి, అంది.
ఆ లెక్క నాకు చెప్పాలా?
తల్లిరొయ్యల కంటికాడకి రంగు రింగులు తొడిగేదెవురు?
పసుపుకి పసుపు కలపం. నీలానికి నీలం కలపం.
తెలియక కలిపితే కూలీ పిలకాయల్ని తిట్టేది కూడా నేనే.
మా ఇళ్లలో ఎవురికీ రింగుల్లేవు.
రక్తం బయటికి పోగూడదు
అనే మాట ఒకటుండేది.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఏడవలా.
ట్రంకుపెట్టె అడుగున చెయ్యి పెట్టి
నల్లబడిన వెండి మొలతాడు తీసింది.
వేలంత పొడుగు.
"నా ఎనకాల పుట్టినోడిదిరా.
ఎనిమిది నెల్లు బతికాడు. నెత్తురు విరేచనాలు.
మా అమ్మా నాయనదీ మేనరికమే గదా.
అప్పుడెవురు గీశారు ఈ గుండ్రాలు?"
మగబిడ్డకి చదరమమ్మా అని
నోటిదాకా వచ్చింది. మింగేశా.

మందులు పన్జేయలా. మూలుగ మార్చాలన్నారు.
పెద్దోడు ఋత్విక్ బుగ్గలో దూదిపుల్ల తిప్పి పంపించారు.
ఆరేళ్లోడు. రోజూ బడికి పోతా అడుగుతాడు,
"నేను పాసయ్యానా నాన్నా?"
ఇంకా దిద్దలేదురా పేపరు, అంటా.

ఈ రాత్రి డ్యూటీలో కరెంటు పోయింది.
జనరేటరు అందుకునే లోపల
తొట్లలో బుడగలు ఆగి, సముద్రం పెద్దగా వినపడింది.
అప్పుడే సుజన వీడియో కాల్.
సగ్గుబియ్యం జావ, నాలుగో చెంచా.
పద్నాలుగు నెలల బిడ్డ
గిన్నెని మోచేత్తో నెట్టి, మొట్టమొదటి మాట అంది:
"తాలు."

సుజన చెంచా అక్కడే ఆపేసింది.
"ఇన్నావా?" అంది.
ఇన్నా.
మంచం మీదనించి ఋత్విక్ అరిచాడు,
"నేను గూడా ఇన్నా!"